భీమశంకరం గారి జఠరాగ్ని

రోగి కడుపులోంచి నలభై ఒకటో జఠరపూస పంపిన ఆమ్లం గీత మామూలుగానే ఉంది. వజ్రమ్మ సమ్మతి ముద్ర వేసి నలభై రెండోది, భీమశంకరం గారిది, తెరిచింది. ఆ గీతలో ఆమ్లం పొద్దున పదకొండు గంటలకు లేచి, పొద్దుకుంకే దాకా దిగడం లేదు. మూడు నెలలుగా ఇదే వరస. యంత్రం ఆమ్లహరి మాత్రల మోతాదు రెండుసార్లు పెంచింది. కడుపులో పుండు మానలేదు. ఇక మిగిలింది అగ్నిబంధనం. ఒకసారి చేస్తే కడుపులో ఆమ్లం మళ్ళీ ఊరదు. బతికినన్నాళ్ళూ గొట్టంలో వచ్చే పలచని జావే ఆహారం. పన్నెండు లోపు ఆమె ముద్ర పడితే సాయంత్రానికి పని పూర్తవుతుంది.

నీటినగరంలో పూస చెప్పిన వేళకు ఎవరి గదిలో వాళ్ళు తింటారు. వజ్రమ్మా అంతే. పదకొండేళ్ళుగా ఆమె ముందు కూర్చుని “ఇంకొంచెం వేసుకో” అన్నవాళ్ళు లేరు. కడుపులో నిప్పు దేవుడేనని ఆమె నాయనమ్మ చెప్పేది. దేవుణ్ణి ఆర్పడానికి ఒక ముద్ర చాలునా అనిపించింది. ముద్రకు ముందు రోగిని పలకరించాలన్న నియమం ఒకటుంది. ఎవరూ పాటించరు. ఆమె తెరలోంచి ఆయన్ని పిలిచింది.

“భీమశంకరం గారూ, మందు వేసుకుంటున్నారా?”

“మనిషి గొంతే!” అన్నాడాయన సంబరంగా. “వేసుకుందామనే ఉందమ్మా. భోజనానికి అరగంట ముందని రాశారు గదా. నా భోజనం ఎప్పుడో నాకే తెలీదు.”

“అదేంటండీ?”

“వండి, దేవుడికి చూపించి, గుమ్మంలో కూర్చుంటాను. అతిథికి పెట్టందే తినడం మా ఇంట్లో లేదు. మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఎవర్నో ఒకర్ని కేకేసి లాక్కొచ్చేది. ఇప్పుడెవరొస్తారు? అయినా అరగంట ముందు కబురెట్టి వచ్చేవాడు అతిథెలా అవుతాడమ్మా! దీపం పెట్టాక, ఇంక రార్లే అని ఇంత తింటాను.”

“మరి మూడు నెల్ల మాత్రలు?”

“డబ్బాలో భద్రంగా ఉన్నాయి. ఒక్కటీ పారెయ్యలేదు.”

వజ్రమ్మకు నవ్వొచ్చింది. పూసకు ఆమ్లం తెలుసు గాని మింగని మాత్ర సంగతి తెలియదు.

“ఇవాళ ఏం వండారు?”

“బీరకాయ, పాలు పోసి. కారం వెయ్యలేదు. వచ్చినవాళ్ళు తిట్టుకోకుండా పక్కన గిన్నెలో పెట్టాను.”

పన్నెండుకు ఇంకా పద్నాలుగు నిమిషాలు. ఆమె నిరాకరణ నొక్కింది. తెర కారణం అడిగింది. వయసు, రక్తలేమి, జ్వరం అని పట్టికలో పదహారు వరసలున్నాయి. ఈ మనిషికి వాటిలో చోటు లేదు. ఆమె ఏదీ ఎంచకుండా లేచి, బల్ల కింద చెప్పుల కోసం కాలితో వెతుక్కుంది. కుర్చీ ఖాళీ అయిందని యంత్రం మొత్తుకోవడం మొదలుపెట్టింది. దాని గొంతు అంత గట్టిదని ఆమెకు ఇంతవరకు తెలియదు.

“బాబాయి గారూ, ఆ డబ్బా తియ్యండి. ఒక్క మాత్ర, మంచినీళ్ళతో వేసుకోండి.”

“ఇప్పుడా? ఎవరొస్తున్నారని?”

“నేను. మీ గుమ్మం చేరేసరికి అరగంట పడుతుంది.”