శత్రువు వేసిన కాజాలు

"కొట్టు పెట్టడానికి తిరువూరంతా తిరిగినా మీకు వేరే చోటు దొరకలేదా?"

"దొరికిందండి. కానీ అక్కడ పోటీ ఉంది," అంది అబీదా, టేపు మెడలో వేసుకుంటూ.

ఆ మాట టైలర్ నాగూర్‌కి అర్థమయ్యేసరికి ఆమె రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న తన కొత్త కొట్లో మిషను తొక్కుతోంది.

నాగూర్ ఆ రోజే యుద్ధానికి దిగాడు. బెజవాడ ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకం తీశాడు. వేల ఏళ్ల నాటి చైనా సేనాపతి యుద్ధనీతిని వ్యాపారంలో ఎలా వాడుకోవాలో అందులో ఉంది.

యుద్ధానికి కారణం కూడా వెంటనే వచ్చింది. చర్చి వాళ్ల మిషన్ బడి హెడ్‌మాస్టరు కృపానందం ఇద్దరికీ చెరో పన్నెండు చొక్కాల గుడ్డ ఇచ్చాడు. శనివారం మధ్యాహ్నానికి ఎవరివి బాగుంటే ఏడాది యూనిఫారాలన్నీ వాళ్లకే. అది కాస్తా పోతే నాగూర్ కొట్టు మూసి, విస్సన్నపేటలో అన్న కొట్లో బొత్తాలు కుట్టుకోవాలి.

మొదటి అధ్యాయం: శత్రువు మకాం కనుక్కో. ఎదురుగానే ఉందిగా అని పేజీ తిప్పేశాడు.

రెండో అధ్యాయం: శత్రువుకి సరఫరా ఆపు.

ఊళ్లో చేత్తో బొత్తాల కాజాలు చక్కగా వేసేది కరీంబీ ఒక్కతే. నాగూర్ తన పన్నెండు చొక్కాలతో పాటు ఇరుగుపొరుగు చొక్కాలు కూడా పోగుచేసి ఆమెకిచ్చాడు. ఇక అబీదా పని చూసుకోవడానికి ఆమెకి తీరికెక్కడిది?

శనివారం పొద్దున్నే వాన. గొడుగు కింద మూటతో అబీదా వచ్చింది.

"మీ చొక్కాలు."

"మీ దగ్గరికెలా వచ్చాయి?"

"కరీంబీ మా మేనత్త. నేనుండేది వాళ్లింట్లోనే. మీరిచ్చిన మూటకి ఆవిడ వేళ్లు వాచిపోయాయి. ఒప్పుకున్న పని ఆపకూడదంది. వారం నుంచీ మీ కాజాలు వేస్తోంది నేనే."

నాగూర్ ఒక చొక్కా తిప్పి చూశాడు. కాజాలు గీత గీసినట్టున్నాయి.

"మరి మీవి?"

"ఒక్కదానికీ పడలేదు. గెలిచారుగా, సంతోషించండి."

గెలిచాడు. కానీ చేతిలో చొక్కా పక్కన పెట్టి, గుమ్మం దిగుతున్న ఆమెని ఆపాడు.

"మీవి కూడా పట్టుకురండి. సూది పట్టుకోవడం నాకూ వచ్చు."

"ఇది మీ చైనా పుస్తకంలో ఉందా?"

"పుస్తకం సంగతి మీకెలా తెలుసు?"

"రోజూ గుమ్మంలో కూర్చుని పైకి చదువుతారుగా. రోడ్డవతలికి అక్షరం పొల్లుపోకుండా వినబడుతుంది."

నాగూర్ చెవులు ఎర్రబడ్డాయి. "ఇది అందులో లేదండి. ఆ సేనాపతికి కాజాలు వేయడం రాదు."

అబీదా తన పన్నెండు చొక్కాలూ తెచ్చింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని సూదులు పట్టారు. వాన హోరు ఎక్కువైంది.

"మీరు వేస్తోంది కాజానా, ఎలక కొరికిన కన్నమా?"

"మీరు చూస్తుంటే చెయ్యి వణుకుతోంది."

"అయితే చూడను."

"చూడండి. చేతికి అలవాటు కావాలి."

అబీదా సూది గుచ్చుకున్న వేలు నోట్లో పెట్టుకుని, నవ్వు దాచుకుంది.

మధ్యాహ్నం కృపానందం వచ్చి ఇరవైనాలుగు చొక్కాలూ తిరగేశాడు. "ఇందులో ఎవరివి ఎవరివయ్యా?"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కలిసిపోయిన చొక్కాల్లో ఎవరివేవో వాళ్లకే తెలియదు.

"మరి ఆర్డరు ఒక కొట్టుకి రాయనా, రెండు కొట్లకా?"

"అది అబీదా గారే చెప్పాలి సార్," అన్నాడు నాగూర్, తల ఎత్తకుండా.

అబీదా పంటితో దారం తెంపింది. "ఒక్కటేనండి. కాకపోతే బోర్డు మీద నా పేరు ముందుండాలి."

అప్పుడే గుమ్మంలోకి వచ్చిన కరీంబీ గొడుగు దులిపింది.

"బోర్డు సంగతి తర్వాత. ముందు మీ అమ్మని మా ఇంటికి పంపించరా అబ్బాయ్. ఈ వాచిన వేళ్లతోనే మాట ఖాయం చేసుకునే షర్బత్ కలుపుతా."