హీతసువో మలుపులో పక్క సీటు

హీతసువో మలుపు దగ్గర ఒంటరిగా బండి ఆపకూడదని మా చుట్టుపక్కల పిల్లలందరికీ తెలుసు. లైసెన్సు చేతికి రాకముందే తెలుసు.

అక్కడ ఏముందంటే... ఏమీ లేదు. ఒక పక్క చిత్తడి నేల, ఇంకో పక్క చీకటిగా చెట్లు, మలుపు మొదట్లో చెక్కతో కట్టిన బస్ షెల్టరు. ఆ దారిన బస్సులు మానేసి చాలా ఏళ్ళయింది. షెల్టరు మాత్రం అలాగే ఉంది. మునిసిపాలిటీ వాళ్ళు మర్చిపోయారంటారు కొందరు. పీకడానికి వెళ్ళినవాళ్ళు చెయ్యి వెయ్యకుండా వచ్చేశారంటారు ఇంకొందరు.

చాలా ఏళ్ళ కిందట, సైన్యంలో ఉన్న ఒక కుర్రాడు సెలవు మీద ఇంటికొస్తూ ఆ షెల్టర్లో చిక్కుపడ్డాడు. మంచు తుఫాను. ఆఖరి బస్సు రాలేదు. పోయే బండికల్లా చెయ్యి చూపించాడు. ఎవరూ ఆపలేదు...

పొద్దున్నే రోడ్డు మీద మంచు తీసేవాడు చూశాడు. కూర్చునే ఉన్నాడట. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని.

అప్పటినుంచీ ఆ మలుపులో ఎవరైనా బండి ఆపితే — ఎక్కుతాడు.

అంతే కథ. ఎక్కి ఏం చేస్తాడు, ఎక్కడ దిగుతాడు, ఎవరూ చెప్పరు. ఎక్కుతాడంటారు, అంతే.

నేను పెట్రోలు బంకులో కాఫీ కౌంటరు నడుపుతాను. ఇలాంటివి రోజూ వింటూనే ఉంటాను. ఎప్పుడూ నమ్మలేదు. కైసు చెప్పేదాకా.

కైసుకి పంతొమ్మిదేళ్ళు. పక్క ఊరి వృద్ధాశ్రమంలో ఉద్యోగం దొరికింది. ఆ షిఫ్టుల వేళకి బస్సుల్లేవు, కారు కావాలి. అక్కడిదాకా మామూలే. కానీ ఆ పిల్ల కావాలన్నది స్పోర్ట్స్ కారు. సెకండ్ హ్యాండుదైనా సరే, రెండే డోర్లుండి, నేలకి అంటుకున్నట్టు పరిగెత్తే రకం.

ఊరంతా నోరెళ్ళబెట్టింది. ఎందుకంటే, ఆ ఏప్రిల్లోనే వాళ్ళన్నయ్య ఒత్సో అలాంటి బండి ప్రమాదంలోనే పోయాడు. నడిపింది స్నేహితుడు. ఒత్సో పక్క సీట్లో ఉన్నాడు. పైకి తళతళలాడే బండి, కింద చూస్తే అరిగిపోయిన టైర్లు.

సమాధి దగ్గర అందరూ ఏడ్చారు. కైసు ఏడవలేదు. తర్వాత కూడా ఏడవలేదు. నా కౌంటరుకి వచ్చేది, పొగలు కక్కే కాఫీ మంచినీళ్ళలా తాగేసేది, కప్పు తెచ్చిచ్చి పోయేది. "ఎలా ఉన్నావే?" అంటే "బానే ఉన్నా పిన్నీ" అనేది. మొహంలో ఏదీ కదిలేది కాదు.

"మళ్ళీ అలాంటి బండెందుకే నీకు?" అని ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఒత్సో, నేను కలిసి కొనుక్కుందాం అనుకున్నాం. మంచిది. లోపల కూడా మంచిది," అంది. రేపటి వాతావరణం చెబుతున్నట్టు చెప్పింది.

బండి చూడ్డానికి తోడు వెళ్ళింది వాళ్ళ బాబాయ్ ఇల్పో. నిద్రలో తప్ప నోరు మూయని మనిషి.

మొదటి బండి నికో అనే కుర్రాడిది. నిమ్మపండు రంగు. వెనకాల ఇస్త్రీబల్లంత రెక్క.

"రాకెట్టనుకో!" అన్నాడు నికో. "సిగ్నల్ దగ్గర నిన్ను ఎవడూ దాటలేడు."

"మన ఊళ్ళో సిగ్నలెక్కడుందిరా?" అన్నాడు ఇల్పో.

కైసు చేతితొడుగు తీసి బానెట్ మీద అరచెయ్యి ఆనించింది. వెచ్చగా ఉంది.

"మేం రాకముందే స్టార్ట్ చేసి పెట్టావా?"

"అంటే... చలి కదా..."

"చలిలోనే కదా చూడాల్సింది."

మంచులో వెల్లకిలా పడుకుని టార్చి వేసి కింద చూసింది. డిక్కీలో కార్పెట్ ఎత్తి వేలితో గీకింది. తుప్పు పొరలు పొరలుగా రాలింది. టైర్లు ఒక్కోటి ఒక్కో కంపెనీది. లేచి వీపు దులుపుకుంది.

"పోదాం బాబాయ్."

"ఓహో, పెద్ద తెలిసినట్టు!" అన్నాడు నికో. "ఆడపిల్లవి, నీకేం—"

"ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకునేముందు టైర్లు మార్చు," అంది. గొంతు కూడా పెంచలేదు. ఒత్సో చెల్లెలని నికోకి అప్పుడు గుర్తొచ్చినట్టుంది. తల దించుకున్నాడు.

రెండో బండి తౌనో అనే ముసలాయనది. హీతసువోకి ఇవతల, ఒంటరి ఇల్లు. పడుచువాడిగా ఉన్నప్పుడు కాదు గానీ, నడివయసులో ముచ్చటపడి కొనుక్కున్నాడట. వెండిరంగు, రెండు డోర్లు. కొన్నప్పుడు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది.

ఇంజను వెచ్చబెట్టే కరెంటు తీగ తగిలించొద్దని కైసు ముందురోజే ఫోన్ చేసి చెప్పింది. ఆ మాట ఆయన నిలబెట్టుకున్నాడు. గడ్డకట్టే చలిలో, రాత్రంతా బయటే ఉన్న బండి, తాళంచెవి తిప్పగానే లేచింది. కింద తుప్పు లేదు. బ్రేకు వేస్తే చేతులు వదిలేసినా తిన్నగా ఆగింది.

"ఇంత మంచి బండి ఎందుకమ్ముతున్నారు?" అన్నాడు ఇల్పో.

"వయసైపోయింది," అన్నాడు తౌనో. బండి వైపు చూడకుండా అన్నాడు.

"కాసేపు రోడ్డు మీద తిప్పి తెస్తాను," అంది కైసు. ఇల్పో కూడా లేవబోయాడు.

"వద్దు బాబాయ్. నువ్వు పక్కనుంటే ఇంజను ఏమంటోందో వినపడదు."

తౌనో గుమ్మందాకా వచ్చాడు. "చర్చి వైపు వెళ్ళమ్మా. అటు... అటు మంచు తీశారు."

చర్చి వైపు రోడ్డు గీత గీసినట్టు ఉంటుంది. మలుపుల్లో బండి రోడ్డుని ఎలా పట్టుకుంటుందో తెలియాలంటే రెండో వైపే వెళ్ళాలి. కైసు రెండో వైపు వెళ్ళింది.

డిసెంబరు. మధ్యాహ్నం కాఫీలు కాకముందే చీకటి పడిపోతుంది మాకు.

బండి బాగా నడిచింది. వేడెక్కాక ఒకసారి ఆపి, కాస్త ఆగి, మళ్ళీ తిప్పి చూడమని ఇల్పో చెప్పాడు. చాలా పాత బండ్లు అక్కడే మొరాయిస్తాయి. ఆపుదామంటే రోడ్డుకి రెండు పక్కలా నడుమెత్తు మంచు. పక్కకి తీయడానికి చోటున్నది ఒక్కటే...

షెల్టరు ముందు.

"భయం వెయ్యలేదా?" అని అడిగాను, ఇది చెప్పినప్పుడు.

"లేదు పిన్నీ. అసలు ఏమీ వెయ్యలేదు."

ఇంజను ఆపింది. లైట్లు ఆపింది. చీకటి ఒక్కసారి అద్దాల దాకా వచ్చేసింది. చల్లారుతున్న ఇంజను టిక్... టిక్... మంటోంది. తర్వాత అది కూడా ఆగింది. కైసు ఊపిరి అద్దం మీద పడి పొరలా గడ్డకడుతోంది. షెల్టరు లోపల బల్ల ఉన్నచోట ఏదో నల్లగా ఉంది. బల్లే కావచ్చు.

తలుపు చప్పుడు వినపడలేదు. అది మాత్రం ఒట్టేసి చెబుతుంది. తలుపు చప్పుడు లేదు.

బండి కుడివైపుకి, పక్క సీటు వైపుకి... కొంచెం ఒరిగింది.

మనిషి ఎక్కితే ఒరిగినట్టు.

"ఏమనుకున్నావే?"

"అటువైపు స్ప్రింగు పోయిందేమో, ధర తగ్గించమనాలి అనుకున్నా."

తాళంచెవి తిప్పింది. ఇంజను మొదటి ప్రయత్నంలోనే లేచింది. లైట్లు వెలిగాయి. షెల్టర్లో బల్ల మీద ఎవరూ లేరు.

అప్పుడు మొదలైంది.

టింగ్... టింగ్... టింగ్...

డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి బొమ్మ వెలిగింది. బెల్టు పెట్టుకోలేదని చెప్పే బొమ్మ. కైసు తన బెల్టు చూసుకుంది. పెట్టుకునే ఉంది. పక్క సీట్లో తన సంచి ఉంది, దాని బరువుకేమో అని తీసి వెనక పడేసింది.

టింగ్... టింగ్...

పక్క సీటు ఖాళీ. నల్లగుడ్డ మీద పలచగా మంచుపొడి. తన సంచికి అంటుకున్నదేమో అనుకుని చేత్తో దులిపింది. హీటరు వేడిగాలి సూటిగా ఆ సీటు మీదికే కొడుతోంది. దులిపినచోట మళ్ళీ మంచు ఉంది.

కరగడం లేదు.

కైసు చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయిందట. పారిపోవాలనిపించలేదు. అరవాలనిపించలేదు. ఆ గంట మోగుతుంటే ఒక్కటే అనిపించింది — పక్క సీట్లో కూర్చున్నవాళ్ళు బెల్టు పెట్టుకోవాలి.

"బెల్టు పెట్టుకో," అంది మెల్లగా.

టింగ్... టింగ్...

వంగి, చెయ్యి చాపి, ఆ ఖాళీ సీటు మీదుగా బెల్టు లాగింది. లాగినకొద్దీ వచ్చింది. మామూలుగా ఖాళీ సీటుకి పట్టేదానికంటే ఎక్కువే వచ్చింది. దాని ఇనప నాలుక పట్టుకుంటే మంచుగడ్డ కొరికినట్టు వేళ్ళు చురుక్కుమన్నాయి. బిగించింది.

గంట ఆగిపోయింది.

"నొప్పి పుట్టింది పిన్నీ," అంది నాతో, ఆ వేళ్ళు చూపించి. "ఏప్రిల్ తర్వాత... అదే మొదలు."

నెమ్మదిగా నడుపుకుంటూ వచ్చేసింది. తౌనో ఇంటి కంచె దాటుతుంటే బండి మళ్ళీ కుడివైపు తేలికయింది. చూస్తే బెల్టు వదులుగా సీటు మీద పడి ఉంది. మంచు లేదు. అక్కడ గుడ్డ తడిగా ఉంది.

ముసలాయన వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. టోపీ కూడా లేదు నెత్తిన.

"అటు వెళ్ళావా?" అన్నాడు గుసగుసగా. "మోగిందా?"

"మోగింది."

"ఎంతసేపు?"

"బెల్టు పెట్టేదాకా."

తౌనో గోడ పట్టుకున్నాడు. లోపల్నుంచి ఇల్పో బన్ను ముక్క నములుతూ బయటికొచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాడు.

"బండి అప్పుడు కొత్తది," అన్నాడు తౌనో చివరికి. "ఆ తుఫాన్లో వాడు చెయ్యి చూపించాడు. కనపడ్డాడు నాకు. ఒళ్ళంతా మంచు. సీటు తడుస్తుందని... ఆపలేదు."

తౌనో గోడ వదిలి బండి వైపు చూశాడు.

"అప్పటినుంచీ ఆ మలుపు దాటినప్పుడల్లా ఈ గంట. ఇంటిదాకా మోగుతూనే ఉంటుంది. ఆ దారే మానేశాను. బెల్టు పెట్టాలని... నాకు ఏనాడూ తట్టలేదు."

ఇల్పో తేరుకుని, "ఏ వైరో తడిసుంటుంది, దానికింత గొడవా!" అంటూ పనిముట్లు తెచ్చాడు. పక్క సీటు బోల్టులు విప్పి, ఎత్తి, టార్చితో వెతికాడు. మళ్ళీ వెతికాడు. సీటుని అలాగే మంచు మీద పెట్టేసి నిలబడ్డాడు.

"ఈ మోడల్‌కి డ్రైవరు సీటుకే ఉందే ఆ గంట," అన్నాడు. "ఈ సీటు కింద వైరే లేదు. ఎప్పుడూ లేదు."

"ఇలాంటి బండి అమ్మలేను," అన్నాడు తౌనో. "వద్దు తల్లీ. వెళ్ళిపొండి."

కైసు ఆ తడి సీటు వైపు చూసింది. తర్వాత బండి చుట్టూ ఒకసారి తిరిగింది.

"చలికి లేచింది, వేడికి లేచింది. బ్రేకులు బాగున్నాయి. తుప్పు లేదు," అంది. "కొంటాను."

"నీకేమన్నా పిచ్చా?" అన్నాడు ఇల్పో.

"సీటు బిగించు బాబాయ్."

ఆ రాత్రి ఇంట్లో చేతులు గోరువెచ్చటి నీళ్ళలో పెట్టుకుంటే ఏడుపొచ్చిందట. వాళ్ళమ్మ వచ్చి పక్కన కూర్చుందట. "వేళ్ళ నొప్పికే పిన్నీ," అంది నాతో. సరేనన్నాను.

ఇదంతా నేను విన్నది. ఇక చూసింది ఒక్కటుంది.

పోయిన వారం నా బండి బ్యాటరీ చచ్చిపోయింది. కౌంటరు మూస్తుంటే షిఫ్టు దిగి వెళుతూ కైసు వచ్చింది. దింపేస్తా రమ్మంది. పక్కన కూర్చున్నాను. వెచ్చగా ఉంది, బండి మెత్తగా పోతోంది. ఆశ్రమంలో ముసలమ్మలు చేసే అల్లరి చెబుతూ ఒకసారి నవ్వింది కూడా. ఆ పిల్ల నవ్వి ఎన్నాళ్ళయిందో.

హీతసువో దగ్గర పడుతుంటే వేగం తగ్గించింది. షెల్టరు ముందు ఆపింది.

"పిన్నీ," అంది, మామూలుగా, "కాస్త వెనక్కి మారతావా?"

నవ్వొచ్చింది నాకు. తర్వాత ఆ పిల్ల మొహం చూశాను. ఆట పట్టించడం లేదు.

రెండు డోర్ల బండి. దిగి, సీటు వంచి, నా ఒళ్ళు వెనకాల ఇరుక్కునేసరికి ఆయాసం వచ్చింది. నేను సర్దుకున్నాక కైసు తన సీట్లోంచే వంగి ముందు సీటు మళ్ళీ నిలబెట్టి, అటు తలుపు తెరిచే ఉంచింది. చలి లోపలికి వచ్చింది. ఎవరూ రాలేదు. బయట మంచు మీద అడుగులు కూడా లేవు, నావి తప్ప.

"భయం లేదటే నీకు?" అన్నాను.

"ఒక్కదాన్నే వెళ్ళడం కంటే నయం," అంది.

బండి కుడివైపుకి ఒరిగింది. తలుపు దానంతటదే మూసుకుంది. గాలికే అనుకున్నాను. గాలికే అయ్యుండాలి.

గంట మోగుతుందని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. మోగలేదు.

నా కళ్ళ ముందే, ఖాళీ సీటు పక్కనున్న బెల్టు మెల్లగా ముందుకి సాగింది... సాగి... క్లిక్‌మంది.

కైసు చేతులు రెండూ స్టీరింగు మీదే ఉన్నాయి.