చినబాబు బిళ్ళ

భిలాయ్‌లో మరోదా దాటాక ఓ చిన్న రోలింగు మిల్లు వాళ్ళ పాత పంపుహౌస్ ఉంది. పొద్దుపోతే అటువైపు కుక్క కూడా పోదంటారు. నేను వెళ్ళి చూసిందేం లేదు... క్యాంప్ వన్‌లో నలుగురూ చెప్పుకోగా విన్నాను. ఆ నలుగురిలో ముగ్గురు అబద్ధమాడే రకం కాదు.

ఆ మిల్లులో పంపు గోతిలోకి దిగే ఫిట్టరు తన పేరున్న ఎర్ర రేకు బిళ్ళ మోటారు స్విచ్చికి కట్టి దిగాలి. పైకొచ్చాక తనే విప్పుకోవాలి. పదకొండేళ్ళ కిందట చినబాబు బిళ్ళను ఎవడో తొందరపడి తీసి మోటారు వేశాడు. చినబాబు పైకి రాలేదు. పెద్దకర్మ అయిన మర్నాడు ఆయన భార్య కన్నమ్మ వచ్చి, ఆ బిళ్ళనే మళ్ళీ స్విచ్చికి తీగతో కట్టింది.

"నోపలికెళ్ళినోడు పైకి రానేదు. దీన్నెవులూ తియ్యకండి" అంది, అంతే.

ఎవరూ తీయలేదు. మిల్లువాళ్ళు చెరువు అవతలి గట్టున కొత్త పంపు పెట్టుకున్నారు. మొన్న చలికాలంలో అది కాలిపోయింది. రాత్రి తొమ్మిదిలోపు పాత మోటారు నడిపించాలని వెంకట్‌కి హుకుం వచ్చింది.

వెంకట్ భిలాయ్‌లోనే పుట్టిన ఇంజనీరు. దిష్టి తీస్తానన్న తల్లికి థర్మోడైనమిక్స్ పాఠం చెప్పిన ఘటం. కాపలా ముసలాయన నరసింగరావు బతిమాలాడు... గోతిలో మనిషున్నాడు, ఆ బిళ్ళ ఒగ్గీమన్నాడు. వెంకట్ నవ్వి రిజిస్టరు తెరిచాడు. దిగినట్టు ఎవరి పేరూ లేదు. పేరు లేదంటే మనిషి లేడు. తీగ విప్పి బిళ్ళ జేబులో వేసుకున్నాడు.

కింద... ఠక్.

ముసలాయన రెండడుగులు వెనక్కి వేశాడు. ఇనుము చలికి ముడుచుకుంటుందని వెంకట్ చెప్పాడు.

మళ్ళీ... ఠక్ ఠక్.

పైపులో గాలి చేరిందన్నాడు ఈసారి. చదువుకున్నవాడి దగ్గర ఇదే సుఖం. ఒక కారణం చాలకపోతే ఇంకొకటి సిద్ధంగా ఉంటుంది.

ఆకుపచ్చ బటన్ మీద వేలు పెట్టాడు. సరిగ్గా అతని కాళ్ళకిందే — మూడు దెబ్బలు. ఆగి... రెండు.

"అది ఫిట్టర్ల దెబ్బ బాబూ" అని గొణిగాడు నరసింగరావు. "మోటారు ఎయ్యొద్దు, మనిషున్నాడని..."

వెంకట్ వేలు ఆగిపోయింది. ఎంత ముడుచుకున్నా ఇనుము లెక్కపెట్టదు కదా. గోతిలోకి వంగి, ఎవరక్కడ అని గొంతు చించుకుని అరిచాడు.

తర్వాత అడుగున, దూరంగా, చిన్న వెలుగు కదిలింది. నిచ్చెన కిర్రుమంది. బురద పూసుకున్న తల ఒకటి పైకొచ్చింది.

బలరాం. కాంట్రాక్టు కూలీ. పాత పంపులో చెత్త తీయమని సాయంత్రం, నరసింగరావు కాపలాకి రాకముందే, మేస్త్రీ దింపేసి, ఇంకో పనికి పోయాడట.

వెంకట్ చెయ్యి అందించి అతన్ని పైకి లాగాడు. బటన్ నొక్కి ఉంటే ఈ మనిషిని తన చేత్తోనే చంపి ఉండేవాడు. నీ బిళ్ళ ఎందుకు కట్టలేదని కోప్పడ్డాడు.

"మాకు బిళ్ళలెక్కడివి బాబూ? చినబాబుది ఉంది గదా... దాన్నెవులూ ముట్టుకోరు. ఆ దైర్యం మీదే దిగినాను."

వెంకట్ తల దించుకున్నాడు. పెద్ద చదువు చదివి తను రిజిస్టరును నమ్మాడు. వీడు ఊరి భయాన్ని నమ్మాడు. వీడి లెక్కే గట్టిది. అయినా మనసులో ఓ మూల కాస్త తెరిపిగానే ఉంది. దెయ్యం కాదు, మనిషే.

నువ్వు కొట్టబట్టి సరిపోయిందిరా, అన్నాడు.

బలరాం అయోమయంగా చూశాడు.

"నాను కొట్నేదు బాబూ. చక్రానికి గోనెసంచి సుట్టుకుంటే రెండు సేతులూ దాన్లోనే ఉన్నాయి. మీరే పైనుంచి కొడతన్నారనుకున్నాను..."

ముగ్గురూ గోతి వైపు చూశారు. వెంకట్ జేబులో ఫోను మోగుతోంది... తీయలేదు. బిళ్ళ తీసి, తీగను స్విచ్చికి మళ్ళీ చుట్టాడు. ముడి రెండుసార్లు వేశాడు.