ఫ్రేముల కొట్టులో బంగారు కళ్ళు

అమెరికాలో, ఎడిసన్ ఊళ్ళో ఆ ఫ్రేముల కొట్టు వెనకగదికి మంచి పేరు లేదు. చీకటిపడితే లోపల కళ్ళు వెలుగుతాయట... ఒకటీ రెండూ కాదు, గుంపులుగా. అంతకుముందు అద్దెకి దిగినవాళ్ళు సామాను కూడా తీసుకోకుండా పారిపోయారని చెప్పుకునేవాళ్ళు.

ఎనభైమూడులో మోహన్ ఆ కొట్టు అద్దెకి తీసుకున్నాడు. ఇంజనీరు కదా — దెయ్యం ఉందంటే రెంట్ తగ్గుతుందని అతని లెక్క.

బీరువా అడుగున అతనికో పుస్తకం దొరికింది. ఒట్టోమన్ సుల్తానుల కాలంలో చేత్తో రాసిన ఖురాన్. అంచులనిండా బంగారు పూలు, నీలి తీగలు. ఈ కొట్టు మొదట పెట్టి, తర్వాత చనిపోయిన ఓనరు ఇలాంటివి పేజీలుగా కోసి, ఫ్రేములు కట్టి అమ్మేవాడు. అమ్ముడుపోని పేజీలు ఇంకా గోడలకి వేలాడుతున్నాయి. ఈ పుస్తకం ఒక్కటీ ఎందుకో కోయకుండా వదిలేశాడు.

"పుస్తకంగా అమ్మితే కొనేవాడు ఒక్కడే. పేజీలుగా అమ్మితే ప్రతి డాక్టరు లివింగ్‌రూమ్‌కీ ఒకటి," అన్నాడు మోహన్ భార్యతో. "వాళ్ళకి చదవడం రానక్కర్లేదు. సోఫా రంగుకి మ్యాచ్ అయితే చాలు."

"మీ అమ్మగారి గీతని కూడా ఇలాగే కోస్తారా?" అంది సుమతి.

"అందులో బంగారం లేదుగా."



ఆ రాత్రి మోహన్ ఒక్కడే వెనకగదిలోకి వెళ్ళాడు. చేసే పని నలుగురి కంటా పడకూడదని లైటు వేయలేదు. టార్చి వెలిగించాడు...

గోడల మీద కళ్ళు తెరుచుకున్నాయి.

అతను ఆగితే ఆగాయి. కదిలితే వెంట కదిలాయి.

అయినా ఒక్కో అడుగే వేస్తూ గోడ దగ్గరికి వెళ్ళి చూశాడు —

బంగారం. ఆనాటి పనివాడు పూత పూసి ఊరుకోలేదు. ప్రతి పువ్వు మీదా సూదిమొనతో సన్నని చుక్కలు పొడిచాడు. వెలుగు ఎటు జరిగితే అటు మిణుకుమంటున్నాయి.

"ఇంతేనా," అని నవ్వుకున్నాడు. టార్చి బల్ల మీద పెట్టి, పుస్తకం తెరిచి, మొదటి పేజీ కుట్టు దగ్గర కత్తి ఆనించాడు.

బల్ల మీద ఫోన్ మోగింది.

"ఏమండీ..." సుమతి గుసగుసలాడుతోంది. "మీకు అన్నం తెచ్చాను. వెనకవీధి పేఫోన్ దగ్గర ఉన్నా. మీరు ఏ గదిలో ఉన్నారు?"

"వెనకగదిలో."

"వెంటనే బయటికి రండి. కిటికీలో ఎవడో కనిపిస్తున్నాడు... పుస్తకం మీదికి వంగి, కత్తి పట్టుకుని."

"నేనే సుమతీ."



"మీ మొహం నాకు తెలీదా?"

మోహన్ కిటికీవైపు తిరిగాడు. నల్లటి అద్దంలో ఒక మనిషి, చెవి దగ్గర ఫోన్, చేతిలో కత్తి. మోహన్ మెల్లిగా కత్తి కింద పెట్టాడు.

అద్దంలోవాడు పెట్టలేదు.