యాభై దాటొద్దు

“దీనికి వేరే ఇంజన్ ఎక్కించేది లేదుంగన్నా. అట్లాంటి పని కావాలంటే ఇంకో షెడ్డు చూసుకోండి.”

ఆ పిల్ల తలెత్తి కూడా చూడలేదు. చేతిలో పిస్టన్‌ను గుడ్డతో తుడుస్తూ అరవంలో అనేసింది. కోయంబత్తూరు వాళ్ళకు అదొక రోగం. మనిషిని గెంటేసేటప్పుడు కూడా మాట చివర మర్యాద అతికిస్తారు.

ఇళంగోకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒట్టన్‌చత్రం నుంచి తెచ్చిన కూరగాయల లోడు దింపి, అన్నమైనా తినకుండా, తన వ్యానుకు తాడు కట్టి నాన్న పాత ఫియట్‌ను ఆవారంపాళయం దాకా ఈడ్చుకొచ్చాడు. ఈ మాట వినడానికా?

“ఆడపిల్ల చేతికి షెడ్డు అప్పగిస్తే ఇట్లే ఉంటాది యవ్వారం. నట్టు తెలుసునా, బోల్టు తెలుసునా దీనికి?” అని తెలుగులో గొణిగాడు. తెలుగు ఇంటి భాష. బయట నిలబడి తిట్టుకోవడానికి అంతకంటే క్షేమమైన భాష లేదనుకున్నాడు.

“నట్టూ తెలుసును, బోల్టూ తెలుసును. నోరు లూజైనోళ్ళకు ఏ స్పానర్ వెయ్యాల్నో అదీ తెలుసును.”

అచ్చం వాళ్ళమ్మ మాట్లాడే తెలుగు. ఇళంగో నోరు తెరుచుకుంది.

“మీరు... మనోళ్ళా?”

“ఇంతసేపూ కాదు గదా? తిట్టినాక అయితినా?”

ఆమె పేరు ఇలక్కియ. షెడ్డు వాళ్ళ చిన్నాయన పళనివేల్‌ది. అరిగిన సిలిండర్లను లోపల చెక్కి బోరు కొట్టే మిషన్ మాత్రం ఆమెది. డిప్లొమా ముగించి వచ్చిన రోజు నుంచి దాని మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు.

“సరి, చెప్పండన్నా. ఇంత ముసలి బండికి అంత పెద్ద ఇంజన్ ఏల?”

“మోత కోసరం.”

“ఏమి?”

“మోత రావాల. రేస్‌కోర్స్ రోడ్డులో ఒక బంగళా ఉండాది. దాని ముందర పోతే అద్దాలు అదరాల.”

నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. కాలితో స్టూలు ఇటు జరిపింది. అతను కూచుని అంతా చెప్పాడు.

ముప్పై ఏళ్ళు వంగి పనిచేసిన వాడికి యజమానులు ఇచ్చేవి రెండే. ఒక శాలువా, ఒక తుప్పు. ఇళంగో తండ్రి కరుప్పుసామికి రెండూ దక్కాయి. మిల్లు ఓనరు నవనీతకృష్ణన్ ఇంట్లో ఆయన డ్రైవరు. వయసై మానుకునే రోజున, రావలసిన డబ్బుకు బదులుగా పొగ కక్కే ఈ ఫియట్ తాళం చేతిలో పెట్టి ఫొటో తీయించుకున్నారు. ఇచ్చినవాడు దాత అయ్యాడు. తీసుకున్నవాడు చేతులు జోడించాడు. ఆ జోడించిన చేతులే ఇళంగో కంట్లో ముల్లు.

ఇంకో ముల్లు అంతకన్నా పాతది. అమ్మ సెల్లాయికి నొప్పులొచ్చిన రోజు ఈ బండే ఆ బంగళా పోర్టికోలో కడిగి తుడిచి నిలబడి ఉంది. కరుప్పుసామి అడిగాడు. సీటు పాడవుతుందన్నారు. చివరికి ఎవరిదో కూరగాయల వ్యాను ఆపి ఎక్కించారు. ఆసుపత్రి రాకముందే, వంకాయ మూటల నడుమ, ఇళంగో పుట్టాడు.

“ఓహో. అందుకేనా వ్యాను తోలే పనిలో చేరింది?”

“ఎగతాళా?”

“లేదన్నా. నాకు కోపమొస్తే మాటలు ఇట్లే వస్తాయి.” నిజంగానే ఆమె ముఖం ఎర్రబడి ఉంది. “సీటు పాడవుతాదంట, సీటు!”

“ఆ వెనక సీట్లోనే మా నాయన్ను కూచోబెట్టి తీసుకుపోవాల. ఇన్నేళ్ళూ తుడిచినాడే గాని ఒక్క తూరి కూచోలేదు.”

“అప్పుడు ఈ ఇంజన్ పని ఎవరికోసరం? మీ నాయనకా, ఆ బంగళా అద్దాలకా?”

ఇళంగో స్టూలు మీంచి దిగ్గున లేచాడు. “అది మీకేల?” అని అరిచాడు. ఆమె కూడా తక్కువ తినలేదు. పళనివేల్ లోపలి నుంచి వచ్చి ఇద్దరికీ నీళ్ళిచ్చి పోయాడు.

మరుసటి వారం ఇళంగో పంతానికి ఉక్కడం పాత సామాను సందులోంచి పెద్ద ఇంజన్ ఒకటి వ్యానులో వేసుకొచ్చి, వానలో తడుస్తూ షెడ్డు వాకిట్లో దించాడు.

ఇలక్కియ దాన్ని చూసింది, అతన్ని చూసింది. “ఇటు రండి. వేలు పెట్టండి” అంది.

ఫియట్ ఇంజన్ అప్పటికే విప్పి ఉంది. సిలిండర్ లోపల పైఅంచున సన్నని మెట్టు అతని వేలికి తగిలింది.

“ఇంతే అరుగుదల. ఉట్టి పిస్టన్ రింగులు మార్చితే నాలుగు నెల్లకు మళ్ళా పొగ. అది దండగ. బోరు కొట్టి, ఒక సైజు పెద్ద పిస్టన్లు వేస్తే ఇంకా ఎన్నో ఏళ్ళు నడుస్తాది. అది చెయ్యదగిన పని. మీరు తెచ్చినారే ఇది...”

“గుర్రం!”

“గుర్రమే. బ్రేకులు మాత్రం మేకవి. దీన్ని ఎక్కించాలంటే ముందు భాగం కొయ్యాల, గేర్‌బాక్స్ మార్చాల. ఆఖరుకు మీ నాయన బండిలో మిగిలేది డోర్లూ హారనూ. పోనీ, చేసినామనుకోండి. బంగళా ముందర మోతగా పోతారు. మలుపులో బ్రేకు పట్టదు. గేటు విరుచుకొని నేరుగా పోర్టికోలోకే! మీ నాయన మళ్ళా ఆ ఇంట్లోకే!”

ఇళంగోకు నవ్వొచ్చింది. పళ్ళు బిగించాడు. కోపం మధ్యలో నవ్వు రావడమంత అవమానం మగవాడికి ఇంకొకటి లేదు. విసవిసా పోయి వ్యానులో కూచున్నాడు.

కాసేపటికి గోనెసంచి తల మీద కప్పుకొని, టీ గ్లాసు మీద అరచెయ్యి అడ్డం పెట్టి వచ్చింది ఇలక్కియ. వాన ఆమె ముక్కు కొసన ఒక బొట్టై వేలాడుతోంది. దాన్ని చూడకూడదనుకుంటూనే చూశాడు.

“గుర్రాన్ని వాపసు ఇచ్చేయండన్నా.”

“నన్ను అన్నా అనొద్దు.”

“కస్టమర్లందరూ అన్నలే.”

“సరి, ఇచ్చేస్తా. ఒక షరతు. ఆయిల్ పంపు కొత్తది వెయ్యాల.”

“పాతది బాగుండాది. ఉట్టినే దుడ్డు పారబొయ్యొద్దు.”

“బాగలేదు. కొండ ఎక్కేటప్పుడు ఎర్ర లైటు మినుకుమంటాదని మా నాయన ఎన్నోతూర్లు చెప్పె.”

“అది వైరు లూజు!”

దాని మీద ఇంకో యుద్ధం. అతని నోరు మూయించాలనే ఆమె పంపు విప్పింది. లోపల చక్రాల పళ్ళు అరిగి గాట్లు పడి ఉన్నాయి. తీసి అతని అరచేతిలో పెట్టింది.

“తప్పు నాదే. పోతారా ఇంక?” అని కసిరింది.

ఇంత కోపంగా తప్పు ఒప్పుకునే మనిషిని ఇళంగో పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఆ రోజు గుర్రాన్ని ఉక్కడంలో వాపసు ఇచ్చేసి, ఒట్టన్‌చత్రం దాకా ఖాళీ వ్యాను తోలుతూ ఎందుకు నవ్వుకుంటున్నాడో అతనికే తెలియలేదు.

బండి సిద్ధమైంది. తాళం తిప్పితే కుట్టుమిషన్ మాదిరి చప్పుడు.

“ఇంతేనా?” ఇళంగో ముఖం మాడింది.

“ఇంతే. మొదటి వెయ్యి కిలోమీటర్లూ స్పీడు యాభై దాటొద్దు. రింగులూ బోరూ ఒకదానికొకటి అలవాటు పడాల. ఆత్రపడితే గీతలు పడతాయి, చేసిందంతా మట్టి.”

“యాభైలో పోయి ఆ బంగళా ముందర ఏమి చేసేది? దండం పెట్టేదా?”

“మీ కాలు మీద నాకు నమ్మకం లేదు. ఆదివారం నేనూ వస్తా. చప్పుడు వినాల.”

ఆదివారం పొద్దున సెల్లాయి కొత్త చీర కట్టుకొని వెనక సీట్లో ముందే ఎక్కి కూచుంది. వాడిపట్టి ఊర్లో ఉన్న తన అక్కను చూసి రావాలని ఆమె ఆశ. కరుప్పుసామి మాత్రం ముందర డోరు పట్టుకొని కదల్లేదు.

“వెనక కూచో నాయనా.”

“అది నా చోటు కాదురా. నేను ముందరే ఉంటా.”

“మరి ఇన్ని దినాలు నేను దేనికి చస్తిని?” ఇళంగో బానెట్ మీద దబ్బున చరిచాడు. “తుడిచి తుడిచి ఆ బానిసతనం నీ ఎముకల్లోకే దిగిపొయ్యింది!”

కరుప్పుసామి డోరు వదిలి కొడుకు వైపు తిరిగాడు.

“బానిసతనం వాళ్ళదిరా. నాది పని. ఆ వెనక సీట్లో ఎన్ని పెళ్ళిళ్ళు కుదిరె, ఎన్ని చెడిపొయ్యె. నేను ఒక్కటీ వినలేదు. డ్రైవరంటే అది. వాళ్ళను తిట్టు. నా పనిని తిట్టొద్దు.”

“ఇంజన్ వేడెక్కకముందే మనుషులు వేడెక్కినారే!” ఇలక్కియ అప్పుడే వచ్చి స్కూటర్ దిగుతోంది. “ఇళంగో అన్నా, బానెట్ మీద నుంచి చెయ్యి తియ్యండి. సొట్ట పడితే నేను తియ్యను.”

ఇళంగో చెయ్యి తీశాడు. మాట కూడా మింగాడు.

ముప్పై ఏళ్ళు అద్దంలోంచి మనుషులను చూసిన కళ్ళు కరుప్పుసామివి. కొడుకును చూశాడు. ఆ పిల్లను చూశాడు. పెళ్ళాన్ని చూశాడు. సెల్లాయి ఏమీ ఎరగనట్టు కొంగు సర్దుకొని కొంచెం పక్కకు జరిగింది.

“నేను వెనక కూచుంటానండి పెద్దాయనా,” అంది ఇలక్కియ.

“వద్దమ్మా. చప్పుడు వినాలంటివంట గదా. నువ్వు ముందర కూచో.”

వెనక డోరు ఆయనే తీశాడు. ఎన్ని వేలసార్లు ఎవరెవరికో తీసిన డోరు. అలవాటుగా వీపు కొంచెం వంగింది. అట్లాగే ఒక్క క్షణం నిలబడి, వంగిన వీపుతోనే లోపలికి ఎక్కి కూచున్నాడు.

బంగళా ముందర నుంచి నలభైలో పోయారు. ఒక్క అద్దమూ అదరలేదు. పోర్టికోలో పేపరు చదువుతున్న నవనీతకృష్ణన్ తలైనా ఎత్తలేదు. వాచ్‌మన్ మాత్రం అలవాటుగా వెనక సీటుకు సెల్యూట్ కొట్టి, ఎవరికి కొట్టాడో చూసి గుడ్లు తేలేశాడు. కరుప్పుసామి చేతులు జోడించబోయాడు. సెల్లాయి వాటిని కిందికి లాగింది.

యాక్సిలరేటర్ మీద ఇళంగో కాలు దురద పెట్టింది.

“నలభై ఎనిమిది,” అంది ఇలక్కియ మెల్లగా. “కోపం పోలేదా?”

“పోలేదు.”

“పోవద్దు. ఇంత జరిగినా కోపం రాని మనిషిని నేను నమ్మను. దాన్ని బ్రేకు లేని బండిలో ఎక్కించొద్దు, అంతే.”

ఊరు దాటారు. సన్నగా వాన మొదలైంది. లారీలు, బస్సులు, ఆఖరుకు ఒక ట్రాక్టరు కూడా హారన్ కొట్టి దాటిపోయింది.

“వెయ్యి కిలోమీటర్లు అయినాక?” అన్నాడు ఇళంగో.

“ఆయిల్ మార్చాల.”

“దాని మీదట?”

“దాని మీదట మీరు కస్టమరు కాదు. అన్నా అనేది మానేస్తా.”

ఇళంగో వైపర్ వేశాడు. అద్దంలో చూశాడు. అమ్మ ఒక కిటికీలోంచి, నాన్న ఇంకో కిటికీలోంచి వానను మహా శ్రద్ధగా చూస్తున్నారు.

“ఇప్పుడే మానెయ్యరాదా?”

“రోడ్డు చూసి మాట్లాడు ఇళంగో.”

మాటలో ‘అన్నా’ లేదు. ఇళంగో రోడ్డు చూశాడు. రోడ్డుకే చెప్పాడు.

“నువ్వు తిట్టని రోజు నాకు పొద్దు పోయేది లేదు. దినమూ తిట్టించుకోవాలని ఉండాది. మా ఇంట్లో ఉండి తిడితే ఇంకా మేలు.”

ఇలక్కియ తల వంచి ఇంజన్ చప్పుడు విన్నది.

“ఈ పని చెయ్యదగిందే,” అంది.

వెనక నుంచి కరుప్పుసామి గొంతు సవరించుకున్నాడు. సీటులో వెనక్కి వాలి, కిటికీ అంచు మీద దర్జాగా మోచెయ్యి పెట్టి అన్నాడు.

“డ్రైవరూ! మేము ఒక్కటీ వినలేదు. నువ్వు మాత్రం యాభై దాటొద్దు.”