పాట మీద హక్కుసున్న

బస్సులో కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన హుషారుగా ఏదో పాట ఎత్తుకున్నాడు. పెదాలు కదిలాయే గాని పాట వినబడలేదు. ఎవరో హక్కు పెట్టుకున్న పాట కాబోలు. ఎవరూ తల తిప్పి చూడలేదు, విరజ కూడా.

పుట్టిన నెలకే చెవి వెనక వినికిడిగింజ నాటే రోజులవి. ఒక మాటనో పాటనో పలికి, అరచేతి పలక మీద వేలితో సున్న చుట్టి, మధ్యలో ఇంగ్లీషు సి రాస్తే చాలు, © అనే హక్కుసున్న పడిపోతుంది. పూర్వం ఆ గుర్తు టైపు చెయ్యడానికి జనం మీటలు వెతుక్కునేవారట, పాపం. గుర్తు పడ్డాక ఆ మాట సొంతదారు నోట తప్ప ఇంకెవరి నోట వచ్చినా, గింజలు అందరి చెవుల్లోనూ దాన్ని తుడిచేస్తాయి.

విరజ ఇంటికొచ్చేసరికి ఆయా పైడితల్లి ఒళ్ళో పాప నిద్రపోతోంది. "అమ్మొచ్చె అమ్మొచ్చె, గుమ్మంలోకి అమ్మొచ్చె" అని పైడితల్లి ఇంకా పాడుతూనే ఉంది. పాప బెంగపడకుండా తనే కట్టిన పాట. తల్లి ఎత్తుకుంటే గుక్కపట్టి ఏడ్చే పిల్ల, ఆ పాటకి ఇట్టే కళ్ళు మూస్తుంది. కన్నది తనూ, నిద్రపుచ్చేది ఆవిడా! అనుకుంది విరజ.

పైడితల్లి ఆ పాటకి హక్కుసున్న చుట్టుకోలేదు. చుట్టుకోకపోవడం ఆవిడ తప్పు గాని నాదా అని విరజ తనకి తనే సర్దిచెప్పుకుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తే కనీసం పుణ్యమైనా వస్తుంది. విరజ మాత్రం గది తలుపు వేసుకుని, పాట ముక్కముక్కనీ విడిగా పాడి, మొదటి మాటతో సహా అన్నిటికీ సున్న చుట్టేసింది.

మర్నాడు పైడితల్లి నోరు కదిలింది, పాట రాలేదు. ఆవిడ పాపని భుజాన వేసుకుని వీపు నిమిరింది. విరజ లాక్కుని తనే పాడింది. పాప ఏడ్చి ఏడ్చి మళ్ళీ ఆ భుజానికే చేతులు చాచింది.

ఆ తరవాత రోజూ సాయంత్రం విరజ గుమ్మంలోకి రాగానే పాప ఆమె వంక చూసి పెదాలు కదిపేది. ఆవలింత అనుకుని విరజ చెప్పులు విడిచి లోపలికి వెళ్ళిపోయేది. ఒకనాడు పాప అదీ మానేసింది.

"పాపకి మాటొచ్చీసిందమ్మా," అంది పైడితల్లి.

మొదటి మాట కూడా ఈవిడకే దక్కిందా! ఏమందని విరజ అడిగింది. పైడితల్లి చెప్పబోయింది. పెదాలే కదిలాయి.

"నాను సెప్పినా మీకు వినబడదు. నా పాటలో మొదటి మాటేనమ్మా. పెదాలు సూసి పోల్చినాను. మీరు గుమ్మంలోకి రాగానే మిమ్మల్నే సూసి అన్నాది, రోజూను. మీరు పలకనేదు."

విరజ పలక తెరిచి, చుట్టిన సున్నలన్నీ చెరిపేసింది. క్షణంలో అయిపోయింది. గబగబా బయటికి వెళ్ళి, మళ్ళీ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అమ్మొచ్చె తల్లీ! ఏదీ, ఒక్కసారి అను," అంది.

పాప ఆమె వంక చూసింది. పలకని మనిషిని ఎన్నాళ్ళని పిలుస్తుంది? మెల్లగా తల తిప్పి, పైడితల్లి కొంగు పట్టుకుని, ఇంట్లో అందరికీ వినబడేలా "పైదీ" అంది.