చెరిపించిన వీడియో

ఉదయం ఎనిమిదింటికే జయపాల్ మాస్టారు ఫోటోల డబ్బా ముందేసుకుని కూర్చున్నారు. ఆదివారం చర్చిలో ఆయన భార్య ప్రసన్నకుమారి జ్ఞాపకార్థ కూడిక. ఆమె పోయి ఏడాది కావస్తోంది. డబ్బాలో అన్నీ పెళ్ళిళ్ళ ఫోటోలే. ప్రతిదానిలో ఆమె ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. ఇంట్లో తిరిగిన మనిషి ఒక్కదానిలోనూ లేదు.

కూతురు తబిత కాఫీ తెచ్చింది.

“కిందటి వేసవిలో డ్రోన్‌తో అమ్మని డాబా మీద తీశావు కదమ్మా. అది ఎక్కడైనా ఉందా?”

గ్లాసు పెట్టబోయిన చెయ్యి ఆగింది.

“మీరే చెరిపించారు కదండి నాన్నగారూ.”

ఆయనకు గుర్తుంది. కోరుకొండ రోడ్డులోని వాళ్ళ ఇల్లు ఎయిర్‌పోర్టుకు దగ్గర. ప్రభుత్వ డ్రోన్ మ్యాప్‌లో ఎర్రరంగు పడిన అలాంటి చోట అనుమతి లేనిదే డ్రోన్ ఎగరవేయకూడదు. బడిలో పిల్లలు కాపీ కొట్టిన జవాబును వాళ్ళ చేతనే, తన కళ్ళముందే చెరిపించడం ఆయన అలవాటు. ఆ రోజూ అంతే చేశారు. వీడియో చూడనైనా చూడలేదు.

“రూలు రూలే కదమ్మా.”

“ఎగరెయ్యడం తప్పేనండి. మళ్ళీ ఆ డ్రోన్‌ని ముట్టుకోలేదు కూడా. కానీ చెరిపెయ్యమని ఏ రూల్లో ఉందండి? కాపీ కొట్టిన జవాబులా అమ్మని చెరిపించేశారు!”

అనేశాక తబితే భయపడింది. తండ్రితో ఎన్నడూ అలా మాట్లాడలేదు. మాస్టారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు. కాఫీ మీద మీగడ కట్టింది.

“నాదే తప్పు,” అన్నారు చివరికి. ఆ మాట ఆయన నోట ఆ ఇంట్లో ఎవరూ విని ఎరగరు. “అందులో అమ్మ ఏం చేసిందో చెప్పు.”

తబిత ఆయన పక్కనే నేలమీద కూర్చుంది.

“మాగాయ ముక్కలు ఎండబెడుతోందండి. డ్రోన్ చప్పుడుకి కాకులన్నీ పారిపోయాయి. ‘ఇదేదో బావుందే, రోజూ కాపలా పెట్టు’ అని ఒకటే నవ్వు. ఇంతలో మెట్ల మీద మీ చెప్పుల చప్పుడు. ‘దించవే, దించు! మాస్టారొస్తున్నారు!’ అని కొంగు అడ్డం పట్టింది, డ్రోన్‌ని దాచేద్దామని.”

మాస్టారు నవ్వబోయారు. డబ్బా వైపు తల తిప్పుకున్నారు.

“ఆకుపచ్చ చీర కట్టుకుంది,” అంది తబిత.

“కాదమ్మా, నీలం. నీలం నేతచీర. కొంగుకి మాగాయ పసుపు అంటి, ఎంత ఉతికినా పోలేదని వారం రోజులు సణిగింది.”

తబిత కళ్ళు మూసుకుంది. “అవునండి. నీలమే.”

“మళ్ళీ మొదట్నుంచి చెప్పు,” అన్నారు మాస్టారు, చెంపల మీది తడి తుడుచుకోకుండానే.